వృద్ధుల రక్షణము - న్యాయవాదుల కర్తవ్యము

హైదరాబాదునుండి బొంబాయికి పోవు రహదారిపై పటాన్‌చెరువు దాటిన పిమ్మట వచ్చు ఇస్నాపూరు ఒకనాడు సేద్యముపై బ్రతికిన చిన్న పల్లె. నేడు దాని ప్రక్కనే పాశమైలారము పారిశ్రామికవాడ కలదు. షిఫ్టులు మారువేళ ఆ చౌరస్తాలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా కలగలిసి వినవచ్చును. నాగలి సాగిన నేలపై గోడౌనులును అద్దెగదుల వరుసలును లేచినవి. ఎకరము వేలకు అమ్ముడుపోయిన కాలమును చూచిన ముసలివారే నేడు గజము వేలకు పలుకుటను చూచుచున్నారు. నేల విలువ ఇంతగా పెరిగినచోట ఆ నేలను దున్నిన వృద్ధుని విలువ మాత్రము పెరుగలేదు. సరికదా, పట్టా మరియొకరి పేర మారిన దినమునుండి అది తరుగనారంభించుచున్నది.

తమ పేర గుంటెడు భూమియైనను మిగుల్చుకొనక సర్వమును సంతానమునకు వ్రాసియిచ్చి, పిదప నెలకొక కొడుకు ఇంట వంతులవారీగా అన్నము తిను తలిదండ్రులను మన గ్రామములలో ఎరుగనివారెవరు? వారిని కాపాడు చట్టము లేదా యని అడిగినచో, కలదు. 2007వ సంవత్సరమున పార్లమెంటు తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమముల కొరకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసినది. కొరత చట్టమునకు లేదు. దానిని నేర్చి పేదవాని అరుగువద్దకు కొనిపోవువారికి కలదు. ఈ విద్యను నేర్వగోరు యువ న్యాయవాదులకును, గ్రామసేవ చేయు స్వచ్ఛందసేవకులకును మేము మొదటనే చెప్పదలచిన మాట ఒక్కటి. వృద్ధునకు వకీలు ముఖ్యముగా కావలసినది వ్యాజ్యము పుట్టిన పిమ్మట కాదు, దస్తావేజుపై వ్రేలిముద్ర పడక పూర్వము.

ఇట్లనుటకు కారణము కలదు. దానపత్రము ఎట్లు పుట్టుచున్నదో పరిశీలింపుడు. పెద్దకొడుకు బ్యాంకు అప్పుకొరకు పట్టా తన పేర నుండవలెననును. చిన్నవాడు తనకును సమభాగము కావలెననును. చుట్టములు కూర్చుండి, "ఎప్పటికైనను వారిదే కదా, ఇప్పుడే ఇచ్చిన నేమి?" యందురు. తండ్రి కాదనలేడు. తల్లి అభిప్రాయమును ఎవరును అడుగరు. మీసేవలో స్లాటు తీసికొనబడును. దస్తావేజు వ్రాయువాడు నిన్న మరియొకరికి వ్రాసిన దానినే పేర్లు, సర్వే నంబర్లు మార్చి అచ్చువేయును. ఆఫీసులో అధికారి "ఇష్టపూర్వకముగా ఇచ్చుచున్నావా?" యని అడుగును. ప్రక్కన కొడుకులు నిలిచియుండగా ముసలివాడు మరేమని చెప్పగలడు? తల యూపును. వ్రేలిముద్ర పడును.

పూర్వము దస్తావేజు ఒక కచేరీలోను, పట్టా మార్పిడి మరియొక కచేరీలోను జరిగెడివి. రెంటికి నడుమ నెలలు గడచెడివి. ఆ జాప్యము ప్రజలకు కష్టమేయైనను, తొందరపడి సంతకము చేసినవాడు తెలివి తెచ్చుకొని అభ్యంతరము చెప్పుటకు కొంత వ్యవధి యుండెడిది. 2020 అక్టోబరులో ధరణి వచ్చిన పిమ్మట వ్యవసాయభూములకు రిజిస్ట్రేషను, మ్యుటేషను రెండును తహసీల్దారు కార్యాలయముననే ఒక్క కూర్చుండుటలో ముగియుచున్నవి. 2025లో భూభారతి దాని స్థానమును ఆక్రమించినను ఈ విషయమున మార్పు లేదు. త్వరితముగా పని జరుగుట మంచిదే. దానిని మేము నిందింపము. కాని ఉదయము పట్టాదారుగా ఇల్లు వెడలిన మనుష్యుడు సాయంకాలమునకు తన ఇంటనే అతిథియై మరలివచ్చు స్థితి ఏర్పడినప్పుడు, జాగ్రత్త యంతయు ఆ ఉదయమునకు ముందే తీసికొనవలసియున్నది.

దానమును గూర్చి మన ధర్మాసనములు అనుసరించు శాసనము 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము. స్థిరాస్తి దానము రిజిస్టరు కావలెను. ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. పుచ్చుకొనువాడు దాత జీవించియుండగనే అంగీకరింపవలెను. ఇవి సమకూడిన పిమ్మట దాతకు మనసు మారినంత మాత్రమున ఆ దానము తిరిగిరాదు. "నాకు ఇష్టము లేనప్పుడు రద్దు చేసికొందును" అని వ్రాసికొన్నను ఆ చట్టము 126వ సెక్షను ప్రకారము అట్టి దానము చెల్లనేరదు. కొడుకు అన్నము పెట్టలేదని తండ్రి సబ్ రిజిస్ట్రారు కచేరీకి పోయి తానొక్కడే రద్దు పత్రము వ్రాసియిచ్చినచో సరిపోవునని మన పల్లెలలో పలువురు తలచుచున్నారు. అది భ్రమ.

ఈ కాఠిన్యమును సడలించుటకే 2007 నాటి చట్టమున 23వ సెక్షను పుట్టినది. 60 సంవత్సరములు నిండిన వ్యక్తి తనకు కనీసావసరములను, శరీరపోషణకు కావలసిన వానిని సమకూర్పవలెనను షరతుపై దానరూపమున గాని, మరియొక విధముగా గాని ఆస్తిని బదలాయించినచో, పుచ్చుకొనినవాడు ఆ షరతును తప్పిన పక్షమున, ఆ బదలాయింపు మోసముచేతనో, నిర్బంధముచేతనో, అనుచితమైన ఒత్తిడిచేతనో జరిగినట్లే భావింపబడును. దాత కోరినచో ట్రిబ్యునలు దానిని చెల్లదని ప్రకటించును. ఎంతటి గొప్ప మాట! మోసము జరిగినదని ముసలివాడు సాక్ష్యములు తెచ్చి ఋజువు చేయనక్కరలేదు. షరతు తప్పుటయే మోసమని శాసనమే పలుకుచున్నది. అయితే ఈ కోటకు ద్వారము ఒక్కటే. షరతు ఉండవలెను. షరతే లేనిచోట దానిని తప్పుట ఎట్లు?

అత్యున్నత న్యాయస్థానము 2022 డిసెంబరులో ఒక తీర్పున ఈ సంగతినే స్పష్టపరచినది. తల్లి తన పిల్లలకు వ్రాసియిచ్చిన విడుదల పత్రమునందు పోషణ షరతు లేదు. అట్టి షరతుతోనే ఇచ్చినట్లు వేరు ఋజువును లేదు. సంతానమునకు ప్రేమచే ఆస్తి నిచ్చునప్పుడు ప్రతిఫలముగా పోషణ కోరినట్లు న్యాయస్థానము తనంతట ఊహింపజాలదని చెప్పి, ఆ బదలాయింపును రద్దు చేసిన ఉత్తరువును కొట్టివేసినది. 2025 జనవరి 2వ తేదీన అదే న్యాయస్థానము మధ్యప్రదేశమునకు చెందిన మరియొక తల్లి వ్యాజ్యమున దానపత్రమును రద్దుచేసి, ఆస్తిని ఆమెకు తిరిగి అప్పగింపుమని ఆజ్ఞాపించినది. ఇది వృద్ధుల మేలునకై పుట్టిన చట్టము గనుక దానిని ఉదారముగా అన్వయింపవలెనని పలికినది.

ఈ రెండు తీర్పులకును భేదమెక్కడ? రెండవ వ్యాజ్యమున కుమారుడు తల్లిదండ్రులను తుదివరకు పోషింతునని వేరుగా ఒక వాగ్దానపత్రము వ్రాసియిచ్చియుండెను. ఆ కాగితమే ఆ తల్లిని నిలువబెట్టినది. ఇరువురును తల్లులే; ఇరువురును ఆస్తి నిచ్చినవారే. ఒకామె చేత వ్రాత కలదు, రెండవ యామె చేత లేదు. ఈ చట్టమును నేర్వబోవు యువకుడు మొట్టమొదట హృదయమున నాటుకొనవలసిన పాఠమిదియే.

మన ప్రాంతపు దానపత్రములను ఒకసారి చదివి చూడుడు. "నీవు నన్ను చక్కగా చూచుకొనుచున్నందునను, నీయందు నాకుగల ప్రేమాభిమానములచేతను" అను మాటలే తరచుగా కనిపించును. ఇవి వినుటకు ఇంపుగా నుండును గాని, గడచిన దానిని మాత్రమే చెప్పును. "చూచుకొనుచున్నందున" అనునది ప్రశంస. "చూచుకొనవలెనను షరతుపై" అనునది హక్కు. ఈ నాలుగక్షరముల భేదమే ముదుసలి అన్నమునకును ఆకలికిని నడుమనున్న భేదము. కావున ప్రతి దానపత్రమునందును ఇట్టి వాక్యమొకటి ఉండవలెనని మా సూచన: "దానము పుచ్చుకొనువారు నాకును నా భార్యకును జీవితాంతమువరకు అన్నవస్త్రములు, నివాసము, వైద్యము, శరీర సంరక్షణ సమకూర్పవలెనను షరతుపై ఈ ఆస్తిని ఇచ్చుచున్నాను. ఈ షరతు తప్పినచో 2007 నాటి చట్టము 23వ సెక్షను క్రింద ఈ దానమును రద్దు చేయించు హక్కు నాకు కలదు." దీనిని వ్రాయుటకు రెండు నిమిషములు చాలును, అదనపు ఖర్చు లేదు. నిజముగా పోషింపదలచిన కుమారునకు దీనివలన నష్టమేమి? అభ్యంతరము చెప్పు కుమారుడు కలడేని, ఆ అభ్యంతరమే తండ్రికి తగిన హెచ్చరిక.

దానముకంటె మేలైన మార్గములును కలవు. వానిని చెప్పుట న్యాయవాది ధర్మము. వీలునామా వ్రాసినవాడు జీవించియున్నంతకాలము ఆస్తి అతనిదే. ఎన్నిమారులైనను దానిని మార్చవచ్చును. ఇద్దరు సాక్షులుండవలెను, రిజిస్ట్రేషను విధిగా అవసరము లేకున్నను చేయించుట క్షేమము. ఇల్లు ఇయ్యక తప్పనిచో, జీవితాంతము అందు నివసించు హక్కును నిలుపుకొని మిగిలినది ఇయ్యవచ్చును. మూడెకరములున్నవాడు రెండిచ్చి ఒకటి మిగుల్చుకొనవచ్చును. "ఇచ్చెదను గాని అంతయు ఇయ్యను" అని చెప్పుటకు ముసలివానికి ధైర్యము చాలదు. ఆ మాటను అతని పక్షమున చెప్పుటకే వకీలు ఉన్నాడు.

ఇక ఈ వృత్తిని అవలంబింపగోరువారు అలవరచుకొనవలసిన నియమములు కొన్ని గలవు. ఇవి ఏ పరీక్షలోను అడుగబడవు. మొదటిది, కక్షిదారు ఎవరో నిశ్చయించుకొనుట. ముసలివానిని వెంటబెట్టుకొని వచ్చువాడు కొడుకు, ఫీజు ఇచ్చువాడు కొడుకు, మాటలాడువాడును కొడుకే. అయినను దస్తావేజు ఎవరి ఆస్తిని కదల్చుచున్నదో వారే కక్షిదారు. కొడుకును గౌరవముగా బయట కూర్చుండబెట్టి వృద్ధునితో ఒంటరిగా మాటలాడని న్యాయవాది ఆ పనికి పూనుకొనరాదు. రెండవది, అతనికి తెలిసిన భాషలో దస్తావేజును ఆమూలాగ్రము చదివి వినిపించి, "ఇప్పుడు నీవు ఏమి ఇచ్చుచున్నావో, నీకేమి మిగులుచున్నదో చెప్పుము" అని తిరిగి అడుగుట. చెప్పలేనిచో ఆ దినమున సంతకము వలదు.

మూడవది, ముసలితనమును మతిలేనితనముగా భావింపకుండుట. చెవి వినబడనివానికి బుద్ధి లేదని తలచుట మహాపరాధము. నెమ్మదిగా చెప్పినచో నూటికి తొంబదిమంది తమ వ్యవహారమును మనకంటె చక్కగా ఎరుగుదురు. నాలుగవది, భార్యను వేరుగా విచారించుట. భూమి భర్త పేర నుండుటయు, ఆయన గతించిన పిమ్మట దిక్కులేక మిగులునది ఆమెయే యగుటయు మన ఇండ్లలో సామాన్యము. ఐదవది, వారివద్దకు మనమే పోవుట. మోకాళ్ళ నొప్పులతో ఇస్నాపూరునుండి సంగారెడ్డి కచేరీకి రెండు బస్సులెక్కి రావలసిన ముదుసలికి మన కార్యాలయపు పలక ఎంత పెద్దదైనను ఏమి ప్రయోజనము?

జరుగవలసినది జరిగిపోయిన వారి సంగతి యేమి? చేతులు కాలిన పిమ్మటనైనను పట్టుకొనుటకు ఆకులు కొన్ని కలవు. 2007 నాటి చట్టము ప్రకారము తమ సంపాదనతో గాని ఆస్తితో గాని బ్రతుకలేని తలిదండ్రులు సంతానమునుండి పోషణ కోరవచ్చును. తలిదండ్రుల విషయమున వయోనియమము లేదు. 55 ఏండ్ల తల్లియు కోరవచ్చును. సంతానమనగా కొడుకులే కాదు, కూతుండ్రు, యుక్తవయస్సు వచ్చిన మనుమలు, మనుమరాండ్రును. సంతానము లేని వృద్ధుని ఆస్తిని అనుభవించుచున్న బంధువు గాని, వారసుడుగా పొందబోవు బంధువు గాని, శక్తి కలిగియున్నచో పోషింపవలెను. వివాహితయైన కూతురు బాధ్యత ఈ చట్టముతో కొత్తగా వచ్చినది కాదు. క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షను క్రింద అత్యున్నత న్యాయస్థానము 1987లోనే దానిని నిర్ణయించినది. ఆ సెక్షను స్థానమున 2024 జులై 1నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షను వచ్చినది. ఈ రెండు మార్గములలో ఏదో యొకదానినే ఎన్నుకొనవలెనను నియమమును మరువరాదు.

విచారణకర్త మన జిల్లాలో రెవిన్యూ డివిజనల్ అధికారి. ఆయన అధ్యక్షతనుండు ట్రిబ్యునలు నోటీసు అందిన 90 దినములలో తీర్పు చెప్పవలెను. తప్పనిసరియైనచో మరి 30 దినములు మాత్రమే పొడిగింపవచ్చును. ముందు రాజీకి ప్రయత్నించుటకు సంధానాధికారికి పంపవచ్చును. వ్యవహారము నడచుచుండగనే తాత్కాలిక భృతి నిప్పింపవచ్చును. భృతికి పరిమితి నెలకు 10,000 రూపాయలు. ఆజ్ఞను ఉల్లంఘించినవానిని ఒక నెలవరకు ఖైదు చేయవచ్చును. తీర్పు నచ్చని వృద్ధులు 60 దినములలో కలెక్టరు అధ్యక్షతనుండు అప్పీలు ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చును. తమ సంరక్షణలోనున్న వృద్ధులను ఎక్కడనైనను విడిచిపెట్టి వదిలించుకొనువారికి మూడు నెలలవరకు ఖైదో, 5,000 రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. వృద్ధుడు తాను రాలేనిచో అతడు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను, సంస్థయైనను దరఖాస్తు పెట్టవచ్చును. ట్రిబ్యునలు తనంతట తానును విచారింపవచ్చును.

పారిశ్రామికవాడలో పనిచేయువారికి ప్రత్యేకముగా తెలియవలసిన సంగతి మరియొకటి గలదు. ఇస్నాపూరు అద్దెగదులలో నివసించు వేలాది కార్మికుల తలిదండ్రులు ఎక్కడనో శ్రీకాకుళమునందో, ఒడిశాయందో, బీహారునందో ఉన్నారు. ఈ చట్టము 6వ సెక్షను ప్రకారము తల్లి తాను నివసించుచోటనైనను, కొడుకు నివసించుచోటనైనను దరఖాస్తు చేసికొనవచ్చును. దూరమున కొడుకున్నాడని తల్లి నిస్సహాయురాలు కానక్కరలేదు. అట్లే ఇచ్చటి వృద్ధుల సంతానము విదేశములలో నున్నను బాధ్యతనుండి తప్పించుకొనలేరు.

సోదర న్యాయవాదులకు రుచింపని సెక్షనొకటి ఈ చట్టమున కలదు. 17వ సెక్షను ట్రిబ్యునలు ఎదుట ఏ పక్షమువారికిని న్యాయవాది ప్రాతినిధ్యము కూడదనుచున్నది. 1961 నాటి అడ్వొకేట్ల చట్టము 30వ సెక్షను 2011లో అమలులోనికి వచ్చిన పిమ్మట ఈ నిషేధము నిలువదని ఢిల్లీ, కేరళ హైకోర్టులు 2021లో తీర్పు చెప్పినవి. ఆ వాదమున బలము కలదు. కాని శాసనకర్తల భయము నిరాధారమా? పోషణకై ఆకలితో వచ్చిన ముసలివాని వ్యవహారము వాయిదాలపై వాయిదాలుగా ఏండ్లు సాగిపోవునని వారు జంకిరి. మన వృత్తిపై ప్రజలకుగల అనుమానమునకు అది అద్దము. ఆ యనుమానమును వాదములతో తుడిచివేయజాలము. ట్రిబ్యునలు గడప అవతల మనము చేయు పనిచేతనే తుడువగలము. దరఖాస్తు వ్రాసియిచ్చుటకు, కాగితములు సరిచూచుటకు, రాజీ కుదుర్చుటకు, దానపత్రమున షరతు వ్రాయుటకు ఏ సెక్షనును అడ్డురాదు.

కుటుంబ వ్యవహారములను కచేరీకి ఎక్కించుట మన సంప్రదాయమునకు విరుద్ధమని కొందరు పెద్దలు ఆక్షేపింతురు. తల్లికి కూడు పెట్టకుండుట ఏ సంప్రదాయమో వారే సెలవీయవలెను. సంప్రదాయము చక్కగా సాగుచోట చట్టమును పిలువవలసిన పనియే లేదు. సాగనిచోట దాని పేరు చెప్పి నోరు మూయించుట సంప్రదాయమునకే అపకీర్తి. సంతానముపై ఇట్టి బాధ్యతను శాసనముచే మోపుట ఒక్క మన దేశమున జరిగినదియు కాదు. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టము తలిదండ్రుల పోషణభారమును శక్తిగల సంతానముపై ఉంచినది. ఆ వ్యవస్థను 1948లో రద్దుచేసి ఆ దేశము భారమును ప్రభుత్వముపై వేసికొన్నది. సింగపూరు 1995లో తలిదండ్రుల పోషణకు వేరుగా చట్టము చేసినది. అమెరికాలో వృద్ధుల వ్యవహారములనే ప్రత్యేకవృత్తిగా చేపట్టిన న్యాయవాదులు 1987లో జాతీయసంస్థగా ఏర్పడిరి. మన న్యాయవాదులు ఈ శాఖను ఇంకను దయాధర్మముగానే చూచుచున్నారు. విద్యగా చూడవలసిన కాలము వచ్చినది.

అయితే విద్య నేర్చినవాడు దానిని దుర్వినియోగము చేయుటయు కలదు. ఇల్లు వృద్ధుల పేర నున్నదని చెప్పి, కొడుకుతో కలహించిన కోడలిని వీధిన పడవేయుటకు ఈ చట్టమును ఆయుధముగా వాడుట కొన్నిచోట్ల కనిపించినది. బెంగుళూరునకు చెందిన ఒక కోడలి వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము 2020 డిసెంబరులో, వృద్ధుల చట్టము చెప్పి గృహహింస చట్టము స్త్రీకిచ్చిన నివాసహక్కును త్రోసివేయరాదని, రెంటిని సమన్వయింపవలెనని నిర్ణయించినది. కోడలును ఒకనాటికి ముదుసలియే. ఒక అబల కన్నీరు తుడుచుటకు మరియొక అబల కన్నీరు కార్పించుట న్యాయము కాదు.

మరియొక సత్యమును దాచరాదు. కొడుకు దుర్మార్గుడు కాక, దరిద్రుడైనచోట ఏమి చేయవలెను? పన్నెండు గంటలు పనిచేసి గది అద్దె, పిల్లల ఫీజులు చెల్లించిన పిమ్మట చేత ఏమియు మిగులని కాంట్రాక్టు కార్మికుని ట్రిబ్యునలు ఎదుట నిలువబెట్టినచో పుట్టునది నోటీసేకాని భృతి కాదు. కొడుకే లేకుండ పోయినచో? 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమున సిగాచి కర్మాగారపు పేలుడులో నలువదిమందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో పలువురు ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారు. పుత్రశోకముతో కృశించు తలిదండ్రులు ఎవరిపై పోషణ దావా వేయగలరు? నాడు అమలునందుండిన 1923 నాటి పరిహార చట్టము విధవయైన తల్లిని మృతుని ఆశ్రితులలో చేర్చినది. అతని సంపాదనపై ఆధారపడిన తండ్రినిగూడ చేర్చినది. పరిహారమనగానే భార్యాబిడ్డల పేర్లు మాత్రమే వ్రాసి వృద్ధులను మరచుట దరఖాస్తు వ్రాయువారి అజ్ఞానము. వృద్ధుల చట్టమును నేర్చువాడు కార్మిక చట్టమునుగూడ నేర్వవలెననుటకు ఇంతకన్న నిదర్శనము వేరేల?

ఇచ్చటనే ప్రభుత్వ బాధ్యత ప్రారంభమగుచున్నది. వార్ధక్యమున ప్రజలకు సహాయము చేయవలెనని మన రాజ్యాంగము 41వ అధికరణమున ఆదేశించినది. తెలంగాణమున వృద్ధాప్యపు పింఛను 2014లో 1,000 రూపాయలై, 2019లో 2,016 రూపాయలైనది. ఆ సొమ్ము ఎందరో ముసలివారికి మందుబిళ్ళలను, కొంత ఆత్మగౌరవమును ఇచ్చినదని మేము సంతోషముతో అంగీకరింతుము. కాని జిల్లాకొక వృద్ధాశ్రమము, అందు 150 మందికి చోటు ఉండవలెనను మాటను 2007 నాటి చట్టము "స్థాపింపవచ్చును" అనియే వ్రాసి విడిచినది. కొడుకు విషయమున "పోషింపవలెను" అని కఠినముగా పలికిన శాసనము తన విషయమున "వచ్చును" అని మెత్తగా పలుకుట మాకు నచ్చలేదు. 2007లో పెట్టిన 10,000 రూపాయల పరిమితిని నేటి ధరలనుబట్టి సవరింపవలెను. తహసీల్దారులు, సబ్ రిజిస్ట్రారులు 60 ఏండ్లు దాటిన దాతను ఒంటరిగా విచారించిన పిమ్మటనే దానపత్రమును రిజిస్టరు చేయవలెనని ప్రభుత్వము ఉత్తరువు లీయవలెను. పోషణ షరతును దానపత్రపు నమూనాలోనే అచ్చువేయవలెను. వలదనువారు దానిని కొట్టివేసి సంతకము చేయుదురు గాక. కనీసము ఆ కొట్టివేతను దాత కన్నులార చూచును.

ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? ఈ జిల్లా చరిత్ర అట్లు చెప్పదు. నేటి సంగారెడ్డి జిల్లాలోని జోగిపేటయందే 1930లో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ మొదటిసారి సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన సమావేశమైనది. ప్రతాపరెడ్డిగారు, మాడపాటి హనుమంతరావుగారు, బూర్గుల రామకృష్ణరావుగారు మువ్వురును న్యాయశాస్త్రము చదివినవారే. వెట్టిచాకిరివంటి విషయములలో ప్రజలకేమి హక్కులున్నవో చిన్న చిన్న పుస్తకములుగా తెలుగున అచ్చువేయించి ఆనాటి ఆంధ్రోద్యమము పల్లెలకు పంపినది. హక్కు ఉండుట వేరు, ఉన్నదని తెలియుట వేరు అని ఆ పెద్దలు గ్రహించిరి. ఆ మార్గము నేటికిని పాతబడలేదు.

కావున మేము సూచించు కార్యక్రమము స్వల్పము. సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతపు న్యాయవాదులు నెలకు ఒక్క దినమును గ్రామ వృద్ధులకై కేటాయింపవలెను. స్వచ్ఛందసేవకులు షరతు వాక్యమును, ట్రిబ్యునలు విధానమును ఒక్క పుటలో తెలుగున, ఉర్దూలో, హిందీలో అచ్చువేసి మీసేవ కేంద్రములవద్దను, దస్తావేజు వ్రాయువారివద్దను, దేవాలయ మసీదుల అరుగులపైనను ఉంచవలెను. వృద్ధుల సహాయమునకై ఏర్పడిన 14567 అను ఫోను సంఖ్యను ప్రతి ఇంటి గోడపై వ్రాయవలెను. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము ప్రకారము లభించునని ప్రతి తల్లికి తెలుపవలెను. దస్తావేజు వ్రాయువారిని శత్రువులుగా చూడక, వారినే ముందుగా కూర్చుండబెట్టి ఈ వాక్యమును నేర్పవలెను. వారు నేర్చినచో నూరుమంది వకీళ్ళు చేయలేని పని ఒక్క ఏడాదిలో జరుగును.

పొలమును కర్మాగారమునకు ఇచ్చినవారు వృద్ధులు. ఆ సొమ్ముతో ఇండ్లు కట్టించినవారు వృద్ధులు. తుదకు ఆ ఇండ్లను సంతానమునకు వ్రాసియిచ్చినవారును వృద్ధులే. ఈ ప్రాంతపు ఐశ్వర్యమంతయు వారి వ్రేలిముద్రలపై నిలిచియున్నది. ఆ ముద్ర పడు కాగితమునందు వారి అన్నమును గూర్చి ఒక్క వాక్యము ఉండవలెనని కోరుట అత్యాశ కాదు. దానిని వ్రాయుటకు నేర్వని న్యాయవిద్య అసంపూర్ణము. నేర్చియు వ్రాయనిచో ఆ దోషము మనదే.